కాలమ్ లేనివాళ్ళు

ఆబిడ్స్‌లో, మూతపడ్డ గడియారాల షాపు మెట్టు మీద
రోజుకు ఆరువందలకు కూర్చున్న.
ఒళ్ళో ఐదు మీటల డబ్బా.
కార్లు, ఆటోలు, బస్సులు, టూవీలర్లు, ఇతరములు.
పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా
ఏది పోయినా ఒక నొక్కు.
గంటకోసారి కాగితం మీదికి ఎక్కించాలె,
కార్పొరేషన్ కాగితం, ఐదు కాలమ్‌లు.

మొదటిరోజు మధ్యాహ్నం
ఒక ముసలాయన రోడ్డు దాటడానికి
పదకొండు నిమిషాలు పట్టింది.
నడుమల డివైడర్ మీద కూర్చుని
చెప్పులో రాయి దులుపుకున్నడు.
ఆయన్ను ఎక్కడ రాయాలె?
ఇతరములలో అప్పటికే
మూడు తోపుడుబండ్లు, ఒక పెళ్ళిగుర్రం.
"నీకు కాలమ్ లేదు తాతా" అన్న.
"కాలం ఎవరికున్నది బిడ్డా" అనుకుంట పోయిండు.

మరునాడు కాగితం అంచున
పెన్సిల్‌తో సన్నగా ఒక గడి గీసిన:
ఆగినవాళ్ళు.
దానికి మీట లేదు.
నాలుగు గీతలు నిలబెట్టి ఐదోది అడ్డం కొడితే
చిన్న దడి.

అప్పటిదాకా నేను చక్రాలనే చూసిన.
ఎండ నెత్తికెక్కితే జనం
బ్యాంకు గోడవారకు ఒరుగుతరు.
అక్కడ నీడ రెండు మూరలే,
సూదిలోకి దారం లెక్క
అంతమందీ అందులోంచే పోవాలె.
కుర్షీద్ బీ పిన్నుల అట్టలు సర్దుకుని
నీడ వెంట జరుగుతది.
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరుంటే పదకొండు,
ఏటీఎం మెట్ల దగ్గరికొస్తే మూడు.
నా వెనక అద్దంలో
ఆగిపోయిన గడియారాలు
ఎవరి టైం వాళ్ళదే అన్నట్టు ఉంటయి.

తాళాలు చేసే అంజిలయ్య అన్నడు:
"ఈడ కొనేటోళ్ళ కంటె కాళ్ళు గుంజేటోళ్ళు ఎక్కువ.
కాళ్ళు గుంజినోడు ఏం కొంటడు?"
ఆ మాట ఏ గడిలోనూ పట్టలే.
కాగితం వెనక రాసిన.

పదిహేనో రోజు వసుంధర మేడమ్ జీపు దిగింది.
సంకలో చుట్టిన బొమ్మ:
అద్దాల మేడలు, రంగు లైట్ల ఫౌంటేను,
కింద ఎక్కడా చెమట పట్టని మనుషులు.
నా దడులు చూసి "ఇవేంటి?" అంది.
"ఆగినోళ్ళు మేడమ్. ఈరోజు రెండువందల పద్నాలుగు."
"ఎందుకు ఆగారు?"
ఒకామె చెప్పు తెగి.
ఇద్దరు, పోట్లాట పూర్తి చేసుకోవడానికి.
ఒకాయన దవాఖాన చీటీ
మళ్ళీ ఒకసారి చదువుకోవడానికి.
ఒక పిల్ల ఊరికే,
మూడో అంతస్తు గోడలో మొలిచిన రావిమొక్క కోసం.

ఆ పిల్ల వేలు చూపించకపోతే
నా తల కూడా ఆ ఎత్తుకు లేచేది కాదు.
సున్నంతో చేసిన తీగలు, పావురాల రెట్ట,
ఎవరో ఆరేసి మరిచిన ఎర్ర తువ్వాలు.
బోర్డుల దాకా చదివి
మనం మడిచి పెట్టేసిన ఊరు
పైన ఇంకా తెరిచే ఉంది.

మేడమ్ పైకి చూసుకుంట ఉండిపోయింది.
ఆమె చూడకుండా
ఆమెకూ ఒక గీత పెట్టిన.

తర్వాత వారానికి బెంచీ వచ్చింది.
ఒకటే. ఆకుపచ్చది.
రంగు ఆరకముందే ముగ్గురు కూర్చున్నరు,
ఒకాయన ప్యాంటుకు ఆ మరక ఇప్పటికీ ఉందట.
ఇరవై రెండు రోజులు ఉంది.
షాపు కనబడతలేదని ఎవరో అర్జీ పెడితే
రాత్రికిరాత్రి లారీలో పోయింది.

నేలలో నాలుగు బోల్టులు మిగిలినయి.
ఒకదానికి కుర్షీద్ బీ గొడుగుతాడు కట్టింది.
ఒకదాని మీద అంజిలయ్య తాళంచెవులు సాగగొడతడు.
మిగిలిన రెంటి దగ్గర
జనం ఇంకా ఆగుతనే ఉన్నరు,
సంచీ కింద పెట్టి
వీపుకు ఏదో ఆనినట్టు కొంచెం వెనక్కి వాలి.

నా లెక్క అయిపోయింది. డబ్బా వాపసు ఇచ్చిన.
ఆదివారం పాత పుస్తకాలకని వచ్చి
అక్కడే నిలబడ్డ, పనేం లేదు.
ఖాళీ చేతిలో బొటనవేలు
దానంతటదే ఒకసారి నొక్కింది.